తోకలేని ఫైలు

నా పేరు ఇన్‌బాక్స్. ఇంటిపేరు లేదు, తోకా లేదు. చుట్టుపక్కల ఫైళ్లన్నిటికీ చివర చుక్క పెట్టి పీడీఎఫ్ అనో జేపీజీ అనో మూడక్షరాల తోక ఉంటుంది. నాకు లేదు కాబట్టి నా మీద డబుల్ క్లిక్ చేస్తే, దీన్ని దేంతో తెరవమంటారు అని విండోస్ ఎదురు అడుగుతుంది.

బెజవాడలో శుభలేఖలు అచ్చేసే ఒక ప్రెస్సులో, డీటీపీ టేబుల్ మీది కంప్యూటర్లో ఉంటాను. పెళ్లివాళ్లు పంపే ఫొటోలు, ప్రూఫులు, దిద్దుబాట్లు, అన్నీ మెయిల్ ప్రోగ్రాం తెచ్చి నాలోనే పడేస్తుంది. స్క్రీన్ మీద ఉత్తరాలు విడివిడిగా, బుద్ధిగా వరసలో కనిపిస్తాయి గానీ అది పైపై ముస్తాబు. లోపల ఉన్నది నేనొక్కణ్ణే. చీటీ కింద చీటీ అంటించుకుంటూ పోయిన పొడుగాటి కాగితం చుట్టని.

ఒక ఉత్తరం ఎక్కడ అయిపోయి ఇంకోటి ఎక్కడ మొదలైందో తెలియడానికి నాకున్న ఆనవాలు ఒక్కటే. లైను మొదట్లో 'ఫ్రమ్' అనే ఇంగ్లీషు మాట, దాని పక్కన కాస్త ఖాళీ. యూనిక్స్ కాలం నుంచీ మా వంశాచారం అది. ఎవరైనా ఉత్తరం మధ్యలో ఓ లైను అదే మాటతో మొదలుపెడితే నేను పొరబడకుండా దాని ముందు చిన్న బాణం గుర్తు తగిలిస్తారు.

1971లో రే టామ్లిన్సన్ మనిషి పేరుకీ మెషీన్ పేరుకీ నడుమ ఎట్ గుర్తు పెట్టి ఉత్తరం పంపిన రోజుల్లో అంతా అక్షరాలే. మా పెద్దలు సన్నగా ఉండేవాళ్లు. 1992లో నథానియెల్ బోరెన్‌స్టైన్, నెడ్ ఫ్రీడ్ కలిసి మైమ్ అనే పద్ధతి తెచ్చారు. ఆ ఏడాదే బోరెన్‌స్టైన్ తన పాటల బృందం ఫొటోనూ పాటనూ ఉత్తరానికి తగిలించి పంపాడు. నా ఒళ్లు పెరగడానికి బీజం పడింది అక్కడే. నాలోకి బొమ్మ బొమ్మగా రాదు మరి. దాని ప్రతి మూడు బైట్లనూ నాలుగు అక్షరాలుగా మార్చి, 76 అక్షరాలకో లైను చొప్పున నాలో నింపుతారు. 6 ఎంబీ ఫొటో నా కడుపులోకొచ్చేసరికి 8 ఎంబీ దాటుతుంది.

ఆషాఢం చివరి వారం. శ్రావణ ముహూర్తాల కార్డులన్నీ అప్పుడే.

"సార్, మళ్లీ స్ట్రక్ అయింది" అంది డీటీపీ అమ్మాయి. స్క్రీన్ తెల్లగా పాలిపోయి, పైన నాట్ రెస్పాండింగ్ అని పడింది.

"నెట్ వాడికి ఫోన్ కొట్టమ్మా" అన్నాడు ఓనరు.

నెట్ లక్షణంగా ఉంది. అత్త మీద కోపం దుత్త మీద అన్నట్టు మౌసుని రెండుసార్లు బల్లకేసి కొట్టి, ఆ అమ్మాయి టాస్క్ మేనేజర్ తెరిచి ఎండ్ టాస్క్ నొక్కింది. నా గోడంతా ఆ నొక్కుడు దగ్గరే ఉంది. నా పక్కన ఇంకో చిన్న ఫైలు ఉంటుంది, విషయసూచిక లాంటిది. ఏ ఉత్తరం నాలో ఎక్కడుందో రాసి పెట్టుకునేది అదే. ప్రోగ్రాంని మధ్యలో చంపేస్తే ఆ సూచికకీ నాకూ లెక్క కుదరదు. మళ్లీ తెరవగానే ప్రోగ్రాం నన్ను మొదటి ఉత్తరం నుంచి చదివి కొత్త సూచిక రాయడం మొదలెడుతుంది. పాత హార్డ్ డిస్కు, 11 జీబీల ఒళ్లు. పావుగంటైనా పడుతుంది. రెండో నిమిషంలోనే ఆమె మళ్లీ ఎండ్ టాస్క్. మూడో ప్రశ్న రాస్తున్నవాడి దగ్గర పేపరు లాక్కుని మొదటి నుంచి రాయమన్నట్టు, రోజుకి నాలుగైదుసార్లు.

దీనికి తోడు యాంటీవైరస్. ఒక్క ఉత్తరం చేరినా ఫైలు మారినట్టే కాబట్టి నన్ను తల నుంచి కాలి దాకా మళ్లీ తడుముతుంది. అది పట్టుకున్నంతసేపూ ప్రోగ్రాం గుమ్మంలో నిలబడి ఉంటుంది. బయటివాళ్లకి అదీ హ్యాంగే.

మూడో రోజు సర్వీసు కుర్రాడొచ్చాడు. చేతులు కట్టుకుని కాసేపు ఊరికే చూశాడు. అక్కడే నాకు నచ్చాడు. ముందు యాడ్ ఆన్‌లన్నీ ఆపి ప్రోగ్రాం తెరిచాడు. అయినా బిగుసుకుంది. డిస్కు వాడకం 100 శాతం దగ్గర కూర్చుంది. ప్రోగ్రాం మూసేసి, ఫోల్డర్లోకి దిగి నన్ను పట్టుకున్నాడు.

"సార్, ఇదొక్కటే 11 జీబీ ఉంది."

"రోజూ డిలీట్ చేస్తున్నాంగా బాబూ! ట్రాష్ కూడా ఖాళీ చేస్తున్నాం."

పాపం, ఆయన అన్నది నిజమే. కాకపోతే డిలీట్ కొట్టినప్పుడు జరిగేది ఏమిటంటే, ఉత్తరం నకలు ఒకటి ట్రాష్‌కి వెళుతుంది, నాలో ఉన్నదాని తల మీద చచ్చినట్టు గుర్తుగా ఒక సంఖ్య మారుతుంది. ఉత్తరం నాలోనే ఉంటుంది, కనిపించదంతే. ట్రాష్ ఎన్నిసార్లు ఊడ్చినా నాకు పిసరంత తగ్గదు. అలా ఏడేళ్ల చచ్చిన ఉత్తరాలు మోస్తున్నాను.

ముందు బ్యాకప్ అన్నాడు కుర్రాడు. 32 జీబీ పెన్ డ్రైవు పెట్టి నన్ను లాగితే, ఫైలు మరీ పెద్దదంటూ అది తిప్పికొట్టింది. "20 జీబీ ఖాళీ ఉందిగా!" అని ఓనరు ఆశ్చర్యపోయాడు. ఆ డ్రైవు ఫ్యాట్ 32 పద్ధతిలో ఫార్మాటయింది. ఎంత ఖాళీ ఉన్నా 4 జీబీ దాటిన ఫైలుని అది లోపలికి రానివ్వదు. చివరికి ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్కు తెప్పించారు.

ఇక కాంపాక్ట్. బతికున్న ఉత్తరాలను మాత్రమే పక్కన కొత్త ఫైలులోకి ఎత్తి, అది పూర్తయ్యాక నన్ను తీసేసి దానికి నా పేరు పెట్టడం. అందుకు జాగా కావాలి, సి డ్రైవులో మిగిలింది 2 జీబీ. డౌన్‌లోడ్స్‌లో పడున్న పాత క్యాలెండర్ డిజైన్లని ఆ అమ్మాయి నిర్దాక్షిణ్యంగా తీసేసింది. సగం పనిలో కరెంటు పోయింది. యూపీఎస్ నాలుగుసార్లు కీచుమని కన్నుమూసింది. ఓనరు తల పట్టుకున్నాడు గానీ, పని పూర్తి కాలేదు కాబట్టి నేను ఎక్కడి వాణ్ణి అక్కడే ఉన్నాను. కరెంటొచ్చాక కుర్రాడు ఆ అరకొర నకలుని చెరిపి మళ్లీ మొదలెట్టాడు.

ఈసారి పోయినవాటిలో ఒకటి మాత్రం చెబుతాను. 2019లో ఒకే పెళ్లికూతురి పేరుతో రెండు కార్డులొచ్చాయి, నెల తేడాలో. రెండిట్లో వరుళ్లు వేరు. మొదటిదాన్ని ఓనరే, తలుపు వైపు ఒకసారి చూసి, తన చేత్తో డిలీట్ చేశాడు. ఇన్నాళ్లూ అది నా కడుపులోనే ఉంది. ఇప్పుడు లేదు.

లేచి చూసుకుంటే 3.9 జీబీ. కుర్రాడు ఏడాదికో ఫోల్డర్ చేసి పాత ఉత్తరాలు అటు సర్దాడు, మళ్లీ ఒకసారి కాంపాక్ట్ కొట్టాడు. మా ఫోల్డర్ జోలికి రావద్దని యాంటీవైరస్‌కి చెప్పి, వచ్చిన అటాచ్‌మెంట్లు సేవ్ చేశాక స్కాన్ చేసుకోమన్నాడు. వెళుతూ వెళుతూ ఆ అమ్మాయితో, "అక్కా, మళ్లీ తెల్లబడితే టీ తాగి రండి. ఎండ్ టాస్క్ మాత్రం కొట్టకండి" అన్నాడు.

మర్నాడు పొద్దున్నే మొదటి ఉత్తరం. తగిలించి ఉన్న ఫైలు పేరు 'ఫైనల్ ఫైనల్ 3'. తొమ్మిది ఎంబీలు, నాలోకొచ్చేసరికి పన్నెండు. ఆ అమ్మాయి దాన్ని డెస్క్‌టాప్ మీదికి సేవ్ చేసుకుని, ఉత్తరం మీద డిలీట్ కొట్టింది.