పాసిఫయరుకు ఉద్వాసన

యువనాశ్వుడను రాజు, పుత్రసంతానమునకై మునులు అభిమంత్రించి యుంచిన కలశోదకమును అర్ధరాత్రివేళ దాహమునకు తాళలేక తానే త్రాగివైచి, తత్ఫలముగా కొడుకును తానే కనవలసివచ్చినప్పుడు, తల్లిలేని ఆ శిశువునకు పాలెవరిత్తురని అందరును దిగులుపడుచుండగా, దేవేంద్రుడు దిగివచ్చి తన చూపుడువ్రేలిని ఆ పసినోట నుంచెనని మహాభారతము చెప్పుచున్నది. ఆ వ్రేలిని చప్పరించియే మాంధాత పెరిగి పెద్దవాడై చక్రవర్తి యయ్యెను. ఆ వ్రేలిని ఎన్నవ నెలలో వెనుకకు తీసికొనిరి, తీసికొన్న రాత్రి బాలుడెంత యేడ్చెను, మరునాడు ఇంద్రుడు తన విజయమును బంధుమిత్రులకు ఎట్లు చాటుకొనెను అను సంగతుల నడిగినచో భారతము మౌనము వహించును. పసివారు చప్పరించు పాలులేని పీకను, అనగా పాసిఫయరును, మూడు దినములలో మాన్పించు పద్ధతి ఆనాటికి వెలువడియుండలేదు గాబోలు.

ఇప్పుడు వెలువడినది. ఖతర్ రాజధానియగు దోహాలో, ముషైరిబ్ పేటలో, ఎండ తగ్గిన సాయంకాలమున కొంతసేపు నిలిచినవారికి దాని మహిమ తెలియకమానదు. ఆ పేట సామాన్యమైనది కాదు. దోహాలో మొట్టమొదట విద్యుద్దీపములు వెలిగిన కహ్రబా వీధి అక్కడిదే. పాతబడిన కట్టడములను పడగొట్టి 31 హెక్టారుల మేర క్రొత్తపట్టణమును నిర్మించినదియు నక్కడనే. మెట్రో రైలు యొక్క ఎరుపు, ఆకుపచ్చ, బంగారు మార్గములు మూడును భూగర్భమున కలిసికొను కూడలియు అదియే. సెలవునాటి సాయంత్రము చుట్టుపట్ల తెలుగు కుటుంబములు పిల్లలను తోపుడుబండ్లలో కూర్చుండబెట్టుకొని బరాహత్ ముషైరిబ్ అను విశాలప్రాంగణమునకు చేరుదురు. ప్రతి బండిలోను ఒక శిశువు, ప్రతి శిశువు నోటను ఒక పాసిఫయరు, ప్రతి పాసిఫయరు వెనుకను దానిని ఏ యుపాయముచే ఊడబెరుకవలెనను మంత్రాలోచన.

ఆ వస్తువు మన యిండ్లలోనికి వచ్చిన త్రోవను ముందుగా న్యాయముగ చెప్పవలెను. తెలుగునాట పిల్లవాడేడ్చినచో చంకనెత్తుకొని వాకిటిలోనికి వచ్చి కాకిని చూపుదురు. కాకి యెగిరిపోయినచో ప్రక్కింటి గేదెను చూపుదురు. చీకటి పడినచో చందమామను చూపుదురు. ఎత్తుకొన్న చేతులు నొచ్చువేళకు మరియొక జత చేతులు సిద్ధముగ నుండును. దోహాలో జూన్ మాసపు మధ్యాహ్నము 45 డిగ్రీల యెండకు కాకి సైతము బయటికి రాదు. నాయనమ్మ వీసాకు కావలసిన కాగితములింకను పూర్తికాలేదు. గోడకావల రాత్రి డ్యూటీ చేసివచ్చినవాడు పండుకొని యుండును. గోడకీవల తెల్లవారకమునుపే కంపెనీ బస్సెక్కవలసిన తండ్రియు, ఆసుపత్రిలో పండ్రెండుగంటలు నిలువుకాళ్ళపై నుండి వచ్చిన తల్లియు నుందురు. ఇట్టిచోట శిశువు రోదనము ఇంటి విషయము గాక భవనవిషయమగును. రెండవనెలలో ఆ సిలికోను ముక్క నోటబడగనే భవనమంతయు శాంతించినది. ఇందు నాకేమియు తప్పు కనబడదు.

పెద్దలలో కొందరికిని కనబడలేదు. పాసిఫయరుతో నిద్రించు శిశువులలో ఆకస్మికమరణములు తక్కువగ నుండుటను గమనించి, అమెరికా శిశువైద్యుల అకాడమీ 2005 నుండి, చనుబాలు కుదురుకొన్న పిదప నిద్రవేళ దానినిచ్చుట మేలనియే చెప్పుచున్నది. మరొకవైపు, చనుబాలకు అడ్డు వచ్చునను భయముచే ప్రపంచ ఆరోగ్యసంస్థయు యూనిసెఫ్‌యు 1989లో ప్రకటించిన పది మెట్లలో తొమ్మిదవది అట్టి పీకలనీయవలదని శాసించెను. 2018లో ఆ శాసనమును సడలించి, వాని వాడుకను గూర్చియు కీడును గూర్చియు తల్లులకు తెలియజెప్పుడని మాత్రము కోరెను. పండితులే మూడు దశాబ్దములు తర్కించుకొన్న విషయమున, రెండేండ్లవాడు తన పక్షమును ఒక్క వారాంతములో విడువలేదని విసుగుకొనుట ఏమి న్యాయము? అతడు నోటబెట్టుకొన్నది నిన్నటి నాగరకతయు కాదు. జర్మను చిత్రకారుడు డ్యూరర్ 1506లో వ్రాసిన మేరీమాత చిత్రమున బాలయేసు చేతనే గుడ్డపీక యొకటి కలదు.

ఇక అంగడివాని నిష్పక్షపాతము చూడదగినది. ఒకే అలమరలో ఆరునెలల లోపువారికొకటి, పదునెనిమిది నెలల లోపువారికొకటి, ఆపై వయసువారికొకటి, చీకటిలో తడుముకొను ప్రయాస లేకుండ మెరయునదొకటి వరుసగా వ్రేలాడదీయును. వాని క్రిందనే, ఇదంతయు మాన్పించుటకై అంచెలంచెలుగ కురుచయగు పీకల కట్టను అమ్మును. రోగమును మందును ఒకే బిల్లులో వేయగల నేర్పు వర్తకులకు గాక మరెవరికబ్బును?

సరే, మాన్పించుటకు ముహూర్తమెవరు పెట్టుదురు? వైద్యుడు కాదు, దంతవైద్యుడు కాదు, ఆ నోటికి యజమానియైన బాలుడసలే కాదు. విమానపు టిక్కెట్టు పెట్టును. బడులకు సెలవులిచ్చి జనమంతయు స్వదేశమునకు మూటలు కట్టుకొను దినములు సమీపించగనే, వీడియో కాల్‌లో అత్తగారి ముఖము కనబడును. "ఏమ్మా, ఇంకా ఆ పీక మాన్పించలేదా? ఎత్తుపళ్ళొస్తాయి. రేపు ఊళ్ళో నలుగురూ చూస్తే ఏమనుకుంటారు?" అని ఆమె యడుగును. "వచ్చేలోపల మానేస్తాడత్తయ్యా, మూడు రోజుల పద్ధతుందిట" అని కోడలు మాట యిచ్చును. ఎత్తుపళ్ళు ఆ ప్రశ్నకు ముసుగు మాత్రమే; అందలి జీవము నలుగురియందున్నది. ముషైరిబ్‌లోని నలుగురికై నోటబెట్టిన వస్తువును ఊరిలోని నలుగురికై పెరికివేయవలసివచ్చినది. నడుమ నున్న నోరు ఎవరిదో ఆ యింట అందరును మరచిరి.

పిమ్మట కపటోపాయములు ప్రారంభమగును. రెండడుగుల యెత్తైన శత్రువుపై ఇద్దరు పట్టభద్రులు పన్ను వ్యూహములను చూచినచో శకుని సిగ్గుపడును. ఒకరు పీకకు వేపాకు నూరి పూయుదురు. మన పూర్వులు పూయలేదా యని ప్రమాణము చూపుదురు. పూసిన మాట నిజమే, చనుబాలు మాన్పించు తల్లులు పూసికొనిరి. కాని చేదు పూసికొన్న ఆ తల్లి, రొమ్ము నిరాకరించినను ఒడిని నిరాకరింపలేదు. బిడ్డ ముఖము చిట్లించి యేడ్చినప్పుడు హత్తుకొనుటకు ఆమె యక్కడనే కూర్చుండెను. ఆ సగమును విడిచి వేపాకును మాత్రము ఉద్ధరించుట మన సంప్రదాయాభిమానము. మరియొకరు కత్తెర పుచ్చుకొని పీకకొనను దినమునకింత కత్తిరించి, రుచి చెడినదని పిల్లవానిని నమ్మించుటకు యత్నింతురు. చిరిగినట్లు కనబడిన తక్షణమే పారవేయవలెనని అట్టపెట్టెపైననే యుండును, ఏలనన తెగిన తునక గొంతున నడ్డుపడవచ్చును. పెట్టెపై వ్రాసినది చదువుటకు పట్టభద్రులకు తీరిక యుండదు.

అన్నిటికంటె చవుకైనది కాకి. "కాకి ఎత్తుకుపోయింది నాన్నా!" అందురు. పదునాలుగవ అంతస్తున, సంవత్సరము పొడవునను మూసియుండు అద్దపు కిటికీల ఫ్లాటులోనికి, ఎండకు వెరచి చెట్టు విడిచి రాని ఆ కాకి యెట్లు ప్రవేశించెనో, ఇన్ని వస్తువులుండగా నాలుక లేని ఆ పక్షికి పాసిఫయరే యేల రుచించెనో పిల్లవాడడుగడు. అడుగనేర్చిన నాటికి మన మాటను నమ్ముటయే మానియుండును. (కాకికి నాలుక కలదని పక్షిశాస్త్రజ్ఞులు జాబు వ్రాయవలదు; ఎరుగుదును, కోపమున వ్రాసితిని.)

ఇంగ్లీషు చదువు కొంచెమెక్కువైన యిండ్లకు కాకి తగదు గావున దేవకన్య వచ్చును. ఊడిన పంటికి నాణెమిచ్చు దొరసాని దేవకన్యకు ఈమె చెల్లెలు. రాత్రి వచ్చి పాసిఫయరులను మూటగట్టుకొని, బదులుగ తలగడక్రింద బొమ్మకారు నుంచి పోవును. కన్న తల్లిని మూడునెలలు తెచ్చియుంచుకొనుటకు జీతపు కాగితము, ఇంటి అద్దె కాగితము, బంధుత్వ ధ్రువపత్రము పట్టుకొని తిరిగిన గృహస్థుడు, ఈమెకు ప్రవేశానుమతి యెవరిచ్చిరని ఒక్కనాడైనను విచారింపడు. డెన్మార్కు వారును ఉత్సవము చేయుదురు. కోపెన్‌హేగెన్ చెంతనున్న ఫ్రెడెరిక్స్‌బర్గ్ ఉద్యానమున ఒక చెట్టు నిండ పిల్లల పీకలే వ్రేలాడుచుండును. అయితే అక్కడి పిల్లవాడు పగటివేళ తన కాళ్ళతో నడిచివచ్చి, తన పీకను తన చెట్టునకు తానే అప్పగించి, చేయి యూపి వీడ్కొనును. ఆ వీడ్కోలునందు మర్యాద కలదు. అర్ధరాత్రి నిద్రించువాని నోటినుండి లాగికొని, తెల్లవారి దేవకన్యపై నెపము పెట్టుటను మాత్రము మన న్యాయశాస్త్రము చౌర్యమనును.

మూడు దినములను లెక్క యెక్కడిదని విచారించితిని. మొదటి రాత్రి బిడ్డ యేడ్చును, రెండవ రాత్రి ఇల్లంతయు ఏడ్చును, మూడవ రాత్రి ఏడ్చుటకు ఎవరికిని ఓపిక యుండదు. ఈ తుది యవస్థకే సిద్ధి యని పేరు. నాలుగవనాడు తల్లిదండ్రులు విజయమును ఫోటోలతో సహా చాటుకొనుచుండగా, ఆ ఫోటోలోనే బాలుని బొటనవ్రేలు నోట నుండును. పాసిఫయరును చెత్తబుట్టలో వేయవచ్చును, వ్రేలిని వేయరాదు. ప్రళయజలములపై మర్రియాకున పరుండి కాలివ్రేలిని చప్పరించుచున్న బాలుని చూచి మార్కండేయుడు చేతులు జోడించెనే కాని, ఎత్తుపళ్ళు వచ్చునని హెచ్చరింపలేదు. మహర్షికి అత్తగారి వీడియో కాల్ లేకపోవుట ఆ బాలుని యదృష్టము.

ఈ ప్రహసనమునకు పతాకసన్నివేశము ఆకాశమున జరుగును. దోహానుండి హైదరాబాదునకు విమానము ఇంచుమించు నాలుగు గంటలలో చేరును. దిగునప్పుడు చెవిలోపలి గాలికిని బయటి గాలికిని ఒత్తిడి తేడా పడి కర్ణభేరి లోనికి లాగబడును. మనము గుటకవేసి ఆ బాధను తప్పించుకొందుము. గుటక వేయుమనిన తెలియని పసివారు చప్పరించినప్పుడు గొంతునుండి చెవికి పోవు సన్ననినాళము తెరచుకొని ఒత్తిడి సరియగును. అందుకనే విమానము ఎక్కు దిగు వేళలలో పాలైనను పాసిఫయరైనను ఈయుడని వైద్యులు చెప్పుదురు. అనగా ఆ సిలికోను ముక్కకు సందేహము లేని ప్రయోజనము కలుగు అరగంట వచ్చుసరికి, అది ముషైరిబ్ చెత్తబుట్టలో నుండును. శంషాబాదుపై విమానము దిగుచుండగా పిల్లవాని యేడుపును మూడువందలమంది విందురు. విమానాశ్రయద్వారమున, ఏడ్చి యేడ్చి కన్నులు వాచిన మనుమని నోట బొటనవ్రేలిని చూచి నాయనమ్మ, "ఈ వేలు అలవాటెప్పుడు చేశారే?" అని యడుగును.

పిల్లవాని పక్షమున కొంచెము వైద్యము కూడ చెప్పి ముగింతును. ఆరునెలలు దాటిన పిమ్మట పగలంతయు పీక నోటనుండుట చెవిపోటునకు దోహదము గావున, మేలుకొనియున్న వేళలను ముందు తగ్గించి, నిద్రకు మాత్రము మిగిల్చిన చాలును. రెండవయేడు దాటినకొలది ముందుపళ్ళ వరుసలు కలియక నడుమ సందు పడవచ్చును. మూడేండ్లు నిండులోపల మానినచో అది చాలవరకు తనంతటనే సర్దుకొనును. మూడేండ్లవానికి మాట తెలియును. "ఇక పగలు వద్దు, పండుకొన్నప్పుడే" అని పట్టపగలు ఎదుట చెప్పినచో, అలిగియైనను వినును. ఎన్ని దినములు పట్టునో వాని యిష్టము. ప్రయాణపు వారమున, ఇల్లు మారు నెలలో, చెల్లెలు పుట్టిన యింట ఈ యజ్ఞము తలపెట్టకుడు.

ఈ వేసవిలో స్వదేశమునకు పోవు తల్లులారా, తండ్రులారా, పాసిఫయరును పెద్దపెట్టెలో గాక చేతిసంచిలో పెట్టుకొనుడు, వీలైనచో రెండు పెట్టుకొనుడు. విమానము దిగుచున్నదని ప్రకటింపగనే బిడ్డ నోట నుంచుడు. వాకిట నిలిచిన నాయనమ్మ యేమని యడిగినచో, డాక్టరుగారు పెట్టమన్నారని చెప్పుడు. వేసవియంతట ఆ యింట పాసిఫయరును గూర్చి పలుకబడిన మాటలలో అబద్ధము కానిది అదొక్కటియే యగును.