గిచ్చేవాళ్లకు కొన్ని మంచి సూచనలు

గిచ్చాలనుకున్నప్పుడు ముందు చూసుకోవాల్సింది మీ గోరు కాదు, ఎదుటి మనిషి. తిరిగి గిచ్చలేనివాళ్లను, గిచ్చారని చెప్పుకోలేనివాళ్లను ఎంచుకోండి. ఈ ఎంపిక కుదిరితే మిగతా పనితనం దానంతటదే వస్తుంది.

కొత్తవాళ్లు పసిపిల్లల బుగ్గలతో మొదలుపెట్టవచ్చు. తొట్టెల ఫంక్షన్‌కు వెళ్లినప్పుడు పిల్లను ఎత్తుకుని, ఎంత ముద్దొస్తోందో అంత గట్టిగా గిచ్చండి. ఏడుపు అందుకోగానే "నిద్రొస్తున్నట్టుందమ్మా నీ బిడ్డకు" అని తల్లి చేతికిచ్చేయండి. అక్కడే నిలబడి తొట్టెల కూడా ఊపితే, వెళ్లేటప్పుడు మీకు ఇంకో రెండు లడ్డూలు కట్టిస్తారు.

చెయ్యి కొంచెం తిరిగాక అంగడికి వెళ్లండి. వనపర్తిలో కానీ నాగర్‌కర్నూల్‌లో కానీ కూరగాయలు కింద పోసుకుని కూర్చున్న అవ్వ దగ్గర సొరకాయకు గోరు దించండి. బెండకాయల కొసలు టపటపా విరవండి. కొల్లాపూర్ మామిడి దిగే రోజుల్లో ప్రతి పండునూ తొడిమ దగ్గర బొటనవేలితో నొక్కి చూడండి. ఏమీ కొనకుండా వచ్చేయండి. సాయంత్రానికి మీ గోటి గాట్లు నల్లబడతాయి. అప్పుడు మళ్లీ వెళ్లి "దెబ్బ తగిలిన కాయ, సగానికియ్యవ్వా" అని బేరమాడండి. పొద్దున గిచ్చింది మీరేనని అవ్వ గుర్తుపట్టినా ఏం చేస్తుంది, చీకటి పడుతోంది, ఊరికి పోయే ఆటో హారన్ కొడుతోంది.

గద్వాల మగ్గం ఇంట్లో ఇదే విద్య ఇంకొంచెం నాజూకుగా నడుస్తుంది. అక్కడి చీరకు ఒళ్లు నూలు, అంచూ కొంగూ పట్టు. రెండూ కలిసే చోట పోగుకు పోగు ముడేసుకుంటూ నేస్తారు. ఆ కలయికను రెండు వేళ్లతో పట్టి, నేసిన మనిషి ముందే లాగి, పెదవి విరవండి. మీకు పట్టు తెలియనక్కర్లేదు, పెదవి విరవడం తెలిస్తే చాలు, ధర దిగుతుంది.

బడిపంతుళ్లకు వేరే చెప్పాలా! బెత్తం నలుగురికీ కనిపిస్తుంది, తొడపాశం నిక్కరు కింద దాక్కుంటుంది. 2009 విద్యాహక్కు చట్టంలో 17వ సెక్షన్ పిల్లల ఒంటి మీద చెయ్యి వేయొద్దంటుంది. అందులో గోరు అనే మాట లేదని మీరు వాదించవచ్చు. హెడ్మాస్టరు వింటారు, ఆయన చిన్నప్పుడు తిన్నవి గుర్తుండే ఉంటాయి.

బస్సులో గిచ్చడానికి మాత్రం నా దగ్గర సూచనల్లేవు. భారతీయ న్యాయ సంహిత 74వ సెక్షన్ కింద ఏడాదికి తక్కువ కాకుండా అయిదేళ్ల దాకా పడుతుంది. పైగా ఆ ఆడమనిషి తిరిగి గిచ్చడంతో ఆగదు, చెప్పు తీస్తుంది. మొదటి సూత్రం చూడండి.

ఇక అసలు గిచ్చుడంటే నడిగడ్డది. కృష్ణకూ తుంగభద్రకూ నడుమ గట్టు, మల్దకల్, ధరూర్, అయిజ వైపు సీడు పత్తి చేలు చూసి నేర్చుకోవాలి. పత్తి పువ్వులో ఆడా మగా ఒక్కచోటే ఉంటాయి, వదిలేస్తే దాని పుప్పొడి దానికే అంటుకుంటుంది. హైబ్రిడ్ విత్తనం కావాలంటే రేపు విచ్చుకోబోయే మొగ్గను ఈ మధ్యాహ్నమే పట్టుకుని, బొటనవేలి గోటితో రేకుల్నీ కేసరాల్నీ గిల్లేయాలి, నడిమి కాడకు గోరు తగలకూడదు. తెల్లారి మగ చెట్టు పువ్వు తెచ్చి దానికి రుద్దాలి. ఇలా ప్రతి చెట్టుకూ, ప్రతి రోజూ, నెలల తరబడి. 1970లో సూరత్‌లో సి.టి. పటేల్ హెచ్-4 అనే హైబ్రిడ్ పత్తిని తెచ్చినప్పటి నుంచి విత్తనాల సంచుల మీద బొమ్మలు ఎన్ని మారాయో లెక్కలేదు. చేలో పని మాత్రం ఇంకా చాలావరకు గోటితోనే.

ఆ గోరు ఎవరిదై ఉండాలన్నది మీరు అడగాల్సిన ప్రశ్న. ఆడపిల్లలదైతే మేలని చెప్పండి. వేళ్లు సన్నగా ఉంటాయి, చెట్టు వాళ్ల ఎత్తుకే ఉంటుంది, నడుము నొప్పి అనరు. కూలి ఎక్కువ అడగరన్నది చివర్లో, నెమ్మదిగా చెప్పాలి. అమ్మానాన్నల చేతిలో ముందుగానే అడ్వాన్సు పెట్టండి, తొట్టెల ఊపడమంటే అదే.

మీరు రైతైతే జాగ్రత్త, ఇక్కడ గిచ్చుళ్లు వరసలో వస్తాయి. పిల్ల మొగ్గను గిచ్చుతుంది, మీరు పిల్లను, కంపెనీకీ మీకూ నడుమ ఉండే ఆర్గనైజరు మిమ్మల్ని, కంపెనీ ఆర్గనైజరును. విత్తనం తీసుకుపోయాక జీఓటీ అని మళ్లీ మొలకెత్తించి, చెట్టు పెంచి, కల్తీ ఉందా అని చూస్తారు. ఫలితం వచ్చేసరికి నెలలు గడిచిపోతాయి, అప్పు మీద మిత్తి పెరుగుతుంది. ఫెయిలైందంటే, ఏదో మధ్యాహ్నం ఏదో చిన్న వేలు కొన్ని మొగ్గలు వదిలేసిందని అర్థం చేసుకుని ఊరుకోండి. నిజంగా అదేనా, ఇచ్చిన మూల విత్తనంలోనే తేడా ఉందా అని మాత్రం అడగొద్దు. అడిగిన రైతులకు వచ్చే ఏడు అడ్వాన్సు దొరకదు.

అధికారులు చేనుగట్టుకు వస్తే ఏం చెప్పాలో కూడా రాసిపెట్టుకోండి. 2016లో బాలకార్మిక చట్టం మార్చినప్పుడు పద్నాలుగేళ్లలోపు పిల్లల్ని ఏ పనిలోనూ పెట్టొద్దన్నారు, కానీ బడి అయిపోయాక, సెలవుల్లో ఇంటివాళ్లకు సాయం చేయొచ్చని ఒక సందు ఉంచారు. కాబట్టి ఆ సాళ్లలో కనిపించే ప్రతి పిల్లా మీ అన్న కూతురే. అన్నలు ఎంతమందని అడగరు. ఇవాళ బడి లేదా అంటే సెలవులనండి. సెప్టెంబరులో ఏం సెలవులంటే దసరా అనండి. దసరా ఇంకా రాలేదు కదా అంటే, బతుకమ్మకు పూలు తెంపుకోవడానికి వచ్చిందని చెప్పండి.