అర్థం చేసుకోవడం నిషేధం

మా వృత్తిలో ఒక మాట రాయకూడదు. బూతు కాదు లెండి. 'అర్థం చేసుకోవడం'.

"ఈ పాఠం పూర్తయ్యేసరికి ఉద్యోగి ఫలానా విషయం అర్థం చేసుకుంటాడు" అని రాశానో, మా రివ్యూయర్ ఎర్రగా కొట్టేసి వెనక్కి పంపిస్తుంది. అర్థమైందో లేదో బయటికి కనపడదు కదా, కనపడేదే రాయాలట. గుర్తుపడతాడు, పోల్చి చెబుతాడు, చేసి చూపిస్తాడు... ఇలాగన్నమాట. ఈ చాదస్తం నాది కాదు. 1962లో రాబర్ట్ మేగర్ అనే అమెరికా ఆయన ఒక చిన్న పుస్తకం రాసి మా నెత్తిన పెట్టిపోయాడు. అంతకు ముందే, 1956లో, బెంజమిన్ బ్లూమ్ బృందం నేర్చుకోవడాన్ని ఆరు మెట్లుగా కట్టింది. ఏ మెట్టుకి ఏ క్రియాపదం వాడాలో చెప్పే పట్టిక ఆఫీసులో నా సీటు ముందు అంటించి ఉంటుంది. వేంకటేశ్వరస్వామి క్యాలెండర్ దానికి పక్కనే.

మా ఇంట్లో మాత్రం ఈ సూత్రం మేగర్ పేరు వినకుండానే అమలవుతోంది.

"రైతుబజార్లో ఎర్ర గోంగూర నాలుగు కట్టలు, అరకిలో చిక్కుడుకాయలు, కరివేపాకు, అల్లం. అర్థమైందా?" అంటుంది మా ఆవిడ.

"అర్థమైంది."

"అయితే చెప్పండి."

గోంగూర, చిక్కుడుకాయలు అని గబగబా అనేసి ఫ్యాను వైపు చూస్తాను. ఇరవై నిమిషాల తర్వాత తెల్ల గోంగూరతో ఇంటికొస్తాను. మీరు తేలేదా ఎప్పుడూ? ఏదీ, గుండె మీద చెయ్యేసుకుని చెప్పండి.

ఇంతకీ నా ఉద్యోగమేమిటో చెప్పలేదు. ఇన్‌స్ట్రక్షనల్ డిజైనర్ అంటారు మమ్మల్ని. మీ ఆఫీసులో ఏడాదికోసారి హెచ్‌ఆర్ వాళ్ళు వెంటపడి చేయించే ఆన్‌లైన్ కోర్సు ఉంటుందే, ఒక చేత్తో 'నెక్స్ట్' నొక్కుతూ పక్క ట్యాబులో క్రికెట్ స్కోరు చూస్తుంటారే, అలాంటివి రాసేది నేనే. నేనేమీ అనుకోను. మా కంపెనీ నాకిచ్చే కోర్సులు నేనూ అలాగే చేస్తాను.

ఈ పేరు పలకడంతోనే నా సంసారం మొదలైంది. 2009లో పెళ్ళిచూపులకి తెనాలి వెళ్ళాం. మా మామగారు రెవెన్యూలో చేసి రిటైరైన మనిషి, చెవి కాస్త మందం. "ఇన్‌స్ట్రక్షనల్ డిజైనర్‌నండీ" అంటే ఆయనకి 'కన్‌స్ట్రక్షన్ డిజైనర్' అని వినపడింది. "మంచిది బాబూ, ఇళ్ళు కట్టేవాడికి తిండికి లోటుండదు" అన్నారు. నేను దిద్దలేదు. దిద్దితే ఉద్యోగమేమిటో వివరించాలి. వివరించాక పిల్లనిస్తారో లేదో.

మొదటి సంక్రాంతికి వెళ్తే భోజనాలవగానే డాబా మీదికి తీసుకెళ్ళారు. "అల్లుడుగారూ, ఈ స్లాబు కారుతోంది, ఒకసారి చూడండి." అప్పుడైనా నిజం చెప్పొచ్చు. కానీ మరదళ్ళిద్దరూ మెట్ల మీద నిలబడి చూస్తున్నారే! పిట్టగోడని వేలి కణుపులతో రెండుసార్లు కొట్టి, ఒక కన్ను మూసి ఆ చివర్నుంచి ఈ చివరికి చూసి, "పైన ఒక కోటు వాటర్‌ప్రూఫింగ్ వేయిస్తే చాలు" అన్నాను. వేయించారు పాపం. ఆ వానాకాలం రెండుచోట్ల కారింది. "మా నాన్న బకెట్ పెట్టినప్పుడల్లా మిమ్మల్నే తలుచుకుంటారు" అంటుంది మా ఆవిడ ఇప్పటికీ.

ఈ వృత్తిలోకి నేనేమీ కలలు కని రాలేదు. ఎం.ఏ. ఇంగ్లీషు చదివి గుంటూరులో ఒక జూనియర్ కాలేజీలో తొమ్మిది వేలకి పాఠాలు చెప్పుకునేవాణ్ణి. 2008లో హైదరాబాదులో 'కంటెంట్ రైటర్' అని పద్నాలుగు వేలిస్తామంటే రైలెక్కాను. మాలో చాలామంది ఇలా దారి తప్పి వచ్చినవాళ్ళే. మాజీ లెక్చరర్లు, మాజీ విలేకరులు, బీఈడీ చేసి డీఎస్సీ కోసం చూసి చూసి విసిగినవాళ్ళు.

రెండేళ్ళకి ఒక సీనియర్ చెవిలో ఊదాడు, ఉత్త రాత వస్తే జీతం పెరగదు, టూల్ రావాలి అని. నిజమే చెప్పాడు. ఆ రోజుల్లో టూలంటే అడోబీ వాళ్ళ ఫ్లాష్. అమీర్‌పేటలో నెల జీతంలో సగం పోసి కోర్సులో చేరాను. అది 2010 ఏప్రిల్. సరిగ్గా అదే నెలలో స్టీవ్ జాబ్స్ బహిరంగ లేఖ రాశాడు, ఫ్లాష్‌ని మా ఐఫోన్లలోకి ఎందుకు రానివ్వమో వివరిస్తూ. భూమ్మీద ఇంతమంది ఉండగా ఆయన నా ఫీజు రసీదు చూసే రాశాడని నా అనుమానం. కష్టపడి నేర్చుకున్న ఆ విద్యకి 2020 డిసెంబరు 31న అడోబీ వాళ్ళు శాశ్వతంగా తలుపులు మూశారు. ఆ రాత్రి అపార్ట్‌మెంట్‌లో అందరూ కొత్త సంవత్సరం కేకు కోస్తుంటే నేను బాల్కనీలో నిలబడి ఒక్కణ్ణే సంతాపం పాటించాను. "చలిగా ఉంది, లోపలికి రండి. పోయింది మీ వాళ్ళెవరూ కాదు" అంది మా ఆవిడ.

ఇప్పుడు స్టోరీలైన్ అనే టూల్ మీద బతుకుతున్నాను. అది ఎన్నాళ్ళో అని అడక్కండి.

ఇంటి నుంచి పనిచేయడం మొదలయ్యాక నా గుట్టు పూర్తిగా బయటపడింది. మాకు ఏడీ అని ఒక పద్ధతి ఉంది. విశ్లేషణ, డిజైను, తయారీ, అమలు, మూల్యాంకనం అనే ఐదు దశల ఇంగ్లీషు పేర్ల మొదటి అక్షరాలవి. 1975 ప్రాంతంలో ఫ్లోరిడా స్టేట్ యూనివర్సిటీ వాళ్ళు అమెరికా సైన్యం కోసం తయారుచేశారు. ఒకరోజు కాల్‌లో "ముందు ఏడీ, ఏడీ ఉంటే అన్నీ ఉన్నట్టే" అని గట్టిగా వాదిస్తున్నాను. వంటింట్లోంచి మా అమ్మ కంగారుగా వచ్చింది. "ఎవడ్రా? పొద్దున్నుంచీ వాడి కోసమే అరుస్తున్నావు. దొరకలేదా ఇంకా?"

అమ్మదేముంది, పెద్దావిడ. నా పరువు అసలు తీసింది ఎనిమిదో తరగతి చదివే మా అమ్మాయి.

ఆ ఆదివారం ఒక బ్యాంకు కోసం చేసిన కోర్సు పరీక్షించి చూసుకుంటున్నాను. మనీ లాండరింగ్ నిరోధం మీద. చివర్లో ఇరవై ప్రశ్నలు, ఒక్కోదానికి నాలుగు జవాబులు. మా అమ్మాయి జంతికలు నములుతూ వచ్చి పక్కన కూర్చుని "నేను చేస్తా" అంది. అది పెద్దవాళ్ళ సబ్జెక్టమ్మా అన్నాను, ఆ 'పెద్దవాళ్ళ' అన్నచోట గొంతు కాస్త బరువు చేసి. నాలుగు నిమిషాల్లో ఇరవైకి ఇరవై తెచ్చుకుంది. మౌసుకి జంతిక నూనె.

"ఇదంతా నీకెలా తెలుసే?"

"ఏదంతా?"

"మనీ లాండరింగ్."

"అంటే ఏంటి నాన్నా?"

నా నోట మాట రాలేదు. అదే జాలిపడి రహస్యం విప్పింది. "నాలుగిట్లో ఏది పొడుగ్గా ఉంటే అదే కరెక్ట్. డౌటొస్తే 'పైవన్నీ'."

లెక్క చూసుకుంటే నిజమే. సరైన జవాబుని రేపు ఏ లాయరూ తప్పుపట్టకూడదని 'సాధారణంగా' అనీ 'సంబంధిత అధికారి అనుమతితో' అనీ తోకలు తగిలిస్తూ పోతాం. తప్పు జవాబు దగ్గరికొచ్చేసరికి ఆ ఓపిక ఉండదు, నాలుగు ముక్కల్లో తేల్చేస్తాం. ఇది మా పుస్తకాల్లో మొదటి పేజీల్లోనే ఉండే హెచ్చరిక. కొత్తగా చేరినవాళ్ళకి నేనే స్లైడు వేసి మరీ చెబుతాను. ఆ రాత్రి రెండింటిదాకా కూర్చుని తప్పు జవాబులన్నిటినీ సాగదీశాను. పొద్దున మా అమ్మాయి బూట్లు వేసుకుంటూ తెర వైపు ఒక్క చూపు చూసి, "ఓ, ఇప్పుడు పొట్టిగా ఉన్నది కరెక్టా?" అని బస్సెక్కేసింది.

ఇక జీతం సంగతి. సీటీసీ అనే అంకె బంధువులకి చెప్పడానికి, చేతికొచ్చేది భార్యకి చెప్పడానికి అని ఉద్యోగస్తులందరికీ తెలుసు. కంపెనీ కట్టే పీఎఫ్ వాటా, ఎప్పుడో మానేసి పోయేటప్పుడు ముట్టే గ్రాట్యుటీ, వస్తే వస్తుంది లేకపోతే లేదు అనే వేరియబుల్ పే, ఇవన్నీ కలిపి గాలి కొట్టిన అంకె అది. మొదట్లో ఆ బెలూనే చూపించి మా ఆవిడని మెప్పించబోయాను. "నెలాఖరున ఎంత పడుతుంది?" అని ఒక్క ప్రశ్న వేసింది.

పోయినేడు మా ఆఫీసులో అప్రైజల్ సమయానికి ఏఐ వచ్చి కూర్చుంది. మొదటి చిత్తు అదే రాస్తోంది కాబట్టి నా పని సగమైందని మేనేజరు లెక్క. అది రాసినదాన్ని దారికి తేవడానికి ఎంత తల బద్దలుకొట్టుకోవాలో ఆయన లెక్కలో లేదు. హైకు నాలుగు శాతం. ఆ ఉక్రోషంలో, ఆఫీసు అనుమతి తెచ్చుకుని, బయట ఒక ఫ్రీలాన్సు పని ఒప్పుకున్నాను. మా ఫ్రీలాన్సు బేరాలు తయారైన కోర్సు నిడివిని బట్టి సాగుతాయి. గంట కోర్సుకి ఇంత అని. నాకు కుదిరింది అరవై వేలు.

వెంటనే బావమరిదికి ఫోన్ చేశాను. "ఆఁ, ఏముంది బావా, గంటకి అరవై వేలిస్తున్నారు" అన్నాను, ఆవలిస్తున్నట్టుగా. అవతల ఉన్నది సాఫ్ట్‌వేర్ మనిషి. చాలాసేపు మాట్లాడలేదు. ఆ నిశ్శబ్దాన్ని నేను వారం రోజులు అనుభవించాను.

పని అయ్యాక మా ఆవిడ కరెంటు బిల్లు వెనక లెక్క వేసింది. "రోజుకి ఆరు గంటలు, ముప్ఫై రోజులు కూర్చున్నారు. నూట ఎనభై. అరవై వేలలో పదిశాతం టీడీఎస్ పోయింది."

"అది రిటర్న్ వేస్తే వెనక్కొస్తుంది."

"వచ్చినప్పుడు కలుపుదాం. యాభైనాలుగు వేలు బై నూట ఎనభై. గంటకి మూడొందలు." పెన్ను మూసింది. "మొన్న కుళాయి వాషరు మార్చినతను పావుగంటకి నాలుగొందలు తీసుకెళ్ళాడు."

ఇలా అడగ్గల మనిషికి సొంత సంపాదన ఉంటుంది కదా. ఉంది. మా హాల్లో పొద్దున పదింటి నుంచి మగ్గం వర్క్ క్లాసు నడుపుతుంది. బ్యాచికి ఆరుగురు, నెలకి ఐదు వేలు, అడ్వాన్సు ఫోన్‌పే చేశాకే సూది చేతికిస్తుంది. వృత్తిధర్మం కొద్దీ నేను కలగజేసుకున్నాను. "నీ దగ్గర సిలబస్ లేదు, లక్ష్యాలు లేవు, ఏమీ లేవు" అని మందలించి, మూడు వారాలు కూర్చుని నలభై ఆరు స్క్రీన్ల కోర్సు చేసిపెట్టాను. చరిత్రే ఏడు స్క్రీన్లు. సూది బొమ్మ మీద ఎక్కడ నొక్కితే అక్కడి భాగం పేరు వినపడుతుంది. నా గొంతే.

మూడొందల మూడు ఫ్లాటు ఆంటీ ముచ్చటపడి మొత్తం చేసింది. తొంభై మార్కులొచ్చాయి. సర్టిఫికెట్ ప్రింటు తీసి మరీ క్లాసుకొచ్చి, దారం గుడ్డ పైన పట్టుకుని సూది కింద నుంచి గుచ్చింది. అసలది తలకిందులు. దారం కింద ఎడం చేతిలో ఉండాలి, సూది పైనుంచి దిగాలి.

మా ఆవిడ ఏమీ అనలేదు. ఆంటీ ఎడం చెయ్యి పట్టుకుని గుడ్డ కిందికి పెట్టింది. అంతే. పక్కన నిలబడింది. ఆంటీ ఒక కుట్టు వేసింది, చెడింది. మా ఆవిడ మాట్లాడలేదు. రెండోది చెడింది. నేను గుమ్మం దగ్గర కాఫీ గ్లాసుతో, ముప్ఫై ఒకటో స్క్రీనులో ఇదే ఉంది అని చెప్పబోయాను. మా ఆవిడ ఇటు తిరక్కుండానే చెయ్యెత్తింది. ఆగిపోయాను. ఐదోసారికి కొక్కెం దారాన్ని పట్టుకుని గొలుసులా పైకొచ్చింది. ఆంటీ చిన్నపిల్లలా కేక పెట్టింది.

మధ్యాహ్నం బ్యాచి వెళ్ళిపోయాక ఎవరూ చూడకుండా ఫ్రేము ముందు కూర్చున్నాను. నలభై ఆరు స్క్రీన్లు రాసినవాణ్ణి, నాకు రాకేం? సూది దించి, దారం చుట్టి, అరవంపు తిప్పి పైకి లాగాలి. తిప్పడం మర్చిపోతే కొక్కెం గుడ్డలో ఇరుక్కుంటుంది. ఇరుక్కుంది. ఆరుసార్లు ఇరుక్కున్నాక ఎలాగో పదకొండు కుట్లు పడ్డాయి. కొంచెం వంకర, అయినా నా కళ్ళకి రవివర్మ పటంలా ఉంది.

వెనక్కి తిరిగితే మా ఆవిడ. ఎప్పటి నుంచి నిలబడిందో.

"అర్థమైపోయింది, పెద్ద విద్యేం కాదు" అన్నాను.

వంగి చూసింది. చివర ముడి వేయలేదని నాకు అప్పటికి తట్టలేదు. దారం కొస రెండు వేళ్ళతో పట్టుకుని మెల్లగా లాగింది. పదకొండు కుట్లూ ఒకదాని వెనక ఒకటి సర్రుమని ఊడిపోయి, దారం ఆవిడ చేతిలోకి వచ్చేసింది.

"రేపు పదింటికి ఆంటీ పక్కన సీటు ఖాళీ ఉంది" అంది, దారం ఉండ చుడుతూ. "అడ్వాన్సు ఇప్పుడే కొట్టండి."