మల్టీమీటర్ అంకుల్

డాలస్‌కి ఉత్తరాన ఫ్రిస్కో, ప్లేనో వైపు నాలుగు తెలుగు కుటుంబాలు చేరిన ఏ వీధిలోనైనా ఈయన ఒకరు తప్పకుండా ఉంటారు. మల్టీమీటర్ అంకుల్ అన్నది పిల్లలు పెట్టిన పేరు. పెద్దలు కూడా ఆయన లేనప్పుడు అదే వాడతారు. బట్టలారబెట్టే డ్రైయర్ మొరాయిస్తే మెకానిక్‌ని పిలవడం ఆయన దృష్టిలో వంశానికే తలవంపులు. "గుమ్మం తొక్కినందుకే వంద డాలర్లండీ! చెయ్యి పెడితే ఆ లెక్క వేరే" అంటారు. డబ్బు మిగల్చడానికే ఈ పాట్లు అనుకునేరు. ఆ వారాంతం హార్డ్‌వేర్ షాపులో ఆయన కొన్న సరంజామా బిల్లు చూస్తే ఆ అనుమానం తీరిపోతుంది.

అసలు సంగతేమిటంటే, ఆయన చదివింది ట్రిపుల్ ఈ. నాలుగేళ్లపాటు ట్రాన్స్‌ఫార్మర్లూ ఇండక్షన్ మోటార్లూ బట్టీపట్టి, పరీక్షలవగానే జావా నేర్చుకోవడానికి అమీర్‌పేట బస్సెక్కేశారు. అప్పటినుంచి ఆయన చేతికి తగిలిన ఎలక్ట్రికల్ పరికరం లాప్‌టాప్ ఛార్జరొక్కటే. అలాంటి మనిషికి 240 వోల్టుల మీద నడిచేది, మోటారూ హీటింగ్ కాయిలూ థర్మోస్టాట్లూ ఉన్నది, పైగా చెడిపోయినది, సొంత ఇంట్లోనే దొరికితే? "ఏవండీ, డ్రైయర్ తిరుగుతోంది గానీ వేడెక్కట్లేదు" అని భార్య శుక్రవారం సాయంత్రం అన్నప్పుడు ఆయన పైకి "అయ్యో" అనే అంటారు. మొహం మాత్రం ఆ మాటకి సహకరించదు.

నిజానికి ఆవిడ చాన్నాళ్లుగా చెబుతూనే ఉంది, రెండుసార్లు తిప్పితే గానీ తువ్వాళ్లు ఆరట్లేదని. ఆయన పట్టించుకోలేదు. నెమ్మదిగా ఆరడం ఆయన లెక్కలో జబ్బు కిందికి రాదు. పూర్తిగా ఆగాలి. అప్పుడే రంగంలోకి దిగుతారు.

ముందు పాఠం. శ్రోత ఎనిమిదో తరగతి కొడుకు. "డ్రమ్ము తిప్పే మోటారుకి 120 వోల్టులు చాలు. కాయిలుకి 240 కావాలి. అందుకే దీని బ్రేకరుకి రెండు మీటలుంటాయి. అందులో ఒక వైపు కరెంటు పోయిందనుకో, డ్రమ్ము తిరుగుతూనే ఉంటుంది, వేడి మాత్రం ఉండదు. మన ఊళ్లో ఒక ఫేజు పోతే హాల్లో ఫ్యాను తిరుగుతూ వంటింట్లో లైటు వెలగదు చూడు, అలాగ." ఫేజు పోవడమంటే ఏమిటో ఆ పిల్లాడు పుట్టి బుద్ధెరిగి చూడలేదు. బ్రేకరు భేషుగ్గా ఉందని తేలింది. అంకుల్‌కి పెద్ద ఊరట. లోపం అక్కడే దొరికిపోయి ఉంటే మిషను విప్పే యోగం తప్పిపోయేది.

ఆయన్ని తక్కువ చెయ్యకూడదు. ప్లగ్గు పీకందే లోపల వేలు పెట్టరు. విప్పే ముందు ప్రతి వైరుకీ ఫోటో తీస్తారు. స్క్రూలు కలిసిపోకుండా ఇడ్లీ రేకులు తెప్పించి గుంటకో రకం చొప్పున పోస్తారు. పై రేకులో మీటల పలకవి, కింది రేకులో ముందు తలుపువి. ఆ ఆదివారం ఆ ఇంట్లో టిఫిను ఉప్మా అని వేరే చెప్పక్కర్లేదు. మిషను లోపల కంపెనీవాళ్లు మడిచి దాచిన కాగితం ఒకటుంటుంది, వైరింగు బొమ్మతో సహా. అది దొరికాక ఇక ఆయన ఈ లోకంలో ఉండరు. కాలేజీలో ఏ పుస్తకాన్నీ అంత శ్రద్ధగా చదివిన దాఖలా లేదు.

తర్వాత మీటరు బయటికొస్తుంది. రెండు ముళ్లూ కాయిలు కొసలకి ఆనిస్తే కుయ్‌మంది. కాయిలు క్షేమం. దాని పక్కనే ఉండే థర్మల్ కటాఫ్‌కి ఆనిస్తే కిక్కురుమనలేదు. ఆ నిశ్శబ్దాన్ని వినిపించడానికి ఇంటిల్లిపాదినీ పిలిచారు. వేడి హద్దు మీరితే ఒక్కసారికి తెగిపోయి ఇల్లు కాపాడే బుల్లి భాగమది. తెగితే మళ్లీ అతుక్కోదు, మార్చాల్సిందే. "దాన్ని తీసేసి డైరెక్ట్ ఇచ్చెయ్ బావా" అని ఫోన్లో బావమరిది సలహా ఇస్తే అంకుల్ గట్టిగా కసిరారు. అక్కడ మాత్రం నేను పూర్తిగా ఆయన పక్షం.

కొత్త ముక్క తెప్పించి వేశారు. వేడొచ్చింది. ఫోటోలు వాట్సాప్ గ్రూపులకెక్కాయి. కొన్నాళ్లకి అది కూడా తెగింది. అసలెందుకు తెగుతోంది అన్న ప్రశ్న వేసుకుంటే సరిపోయేది. కానీ అది మీటరు జవాబు చెప్పే ప్రశ్న కాదు. నాసిరకం ముక్క అన్నారు. థర్మోస్టాట్ మార్చారు. తర్వాత నిక్షేపంలాంటి కాయిలునీ మార్చారు. ఈలోగా తడి చీరలూ జీన్సులూ మెట్ల రెయిలింగు నిండా వేలాడాయి. బయట టెక్సస్ ఎండ మాడ్చేస్తోంది. పెరట్లో తాడు కడదామంటే కాలనీ సంఘం నియమాలు ఒప్పుకోవు.

తెనాలి నుంచి వచ్చిన అత్తగారికి ఇదంతా విడ్డూరంగా ఉంది. ఆవిడకి ఆ ఊళ్లో ఉన్న ఒకే ఒక్క వ్యాపకం సాయంత్రం నడక. ఒకరోజు తిరిగొచ్చి, చెప్పులు విప్పుతూ, "అల్లుడుగారూ, అందరిళ్ల గోడలకీ చిన్న రేకు మూత ఉంది, అది టపటపా కొట్టుకుంటూ గుమగుమలాడే వేడిగాలి వస్తోంది. మనింటిది మొన్న మిషను తిరుగుతున్నప్పుడు కూడా కదల్లేదేం?" అన్నారు.

అల్లుడుగారు కాసేపు మాట్లాడలేదు. తర్వాత నిచ్చెన తెచ్చారు. గోడల లోపలగా పోయే నాలుగంగుళాల గొట్టంలోంచి బూడిదరంగు నూగు బుట్టలకొద్దీ వచ్చింది. మూత దగ్గర పిచ్చుక గూడు కూడా. గాలి బయటికి పోయే దారి లేక వేడి లోపలే మగ్గి, కటాఫ్‌లు వరసగా ప్రాణాలొదిలాయన్నమాట. "ఎయిర్‌ఫ్లో ఇష్యూ అని నాకు మొదట్నుంచీ డౌటే అత్తయ్యగారూ" అన్నారు అంకుల్.

ఆ నెల పాట్‌లక్‌లో బిర్యానీ పళ్లెం పట్టుకుని ఎవరి పక్కన నిలబడినా అదే ప్రసంగం: "అమెరికా అగ్నిమాపక సంస్థ 2008–2010 లెక్కల ప్రకారం ఇళ్లలో డ్రైయర్ మంటలు ఏటా సుమారు 2,900 అండీ! అన్నిటికన్నా పెద్ద కారణం శుభ్రం చెయ్యకపోవడం." అత్తగారు అటువైపు కూర్చుని వింటూ పెరుగన్నం కలుపుకున్నారు. అంకుల్ డ్రిల్లుకి తగిలించే పొడుగు బ్రష్షు కొని, పిలిచిన ఇంటికీ పిలవని ఇంటికీ వెళ్లి గొట్టాలు తోమిపెట్టారు. వీధికి నిజంగా మేలు చేశారు, కాదనను.

ఇప్పుడు వాళ్లింట్లో తువ్వాళ్లు ఒక్క తిప్పుకే ఆరిపోతున్నాయి. మిషను చప్పుడు లేకుండా, ఏ ఫిర్యాదుకీ చోటివ్వకుండా పనిచేస్తోంది. అంకుల్‌కి నిద్ర పట్టడం లేదు. రాత్రిళ్లు లాండ్రీ గది తలుపుకి చెవి ఆనించి నిలబడుతున్నారట.

"డ్రమ్ము కింద రోలరు సన్నగా కీచుమంటోంది, విన్నావా?" అని భార్యని లేపుతున్నారు.

"అది ఆగిపోయి గంటైందండీ" అని ఆవిడ అటు తిరిగి పడుకుంటోంది.