ప్లేస్‌మెంట్ లేని కోర్సు

హైదరాబాద్ అమీర్‌పేటలో ఏ గోడ చూసినా ఒకటే మాట: తక్కువ రోజుల్లో కంప్యూటర్ కోర్సు, గ్యారంటీగా ప్లేస్‌మెంట్. దానికి కూతవేటు దూరంలో, బేగంపేటలో ఉంటూ నేను చెల్లో నేర్చుకుంటానంటే ఇంట్లో ఊరుకుంటారా? "ఎన్ని నెలలు?" అంది అమ్మ. "ఏ కంపెనీ వాళ్లు తీసుకుంటారు?" అన్నాడు నాన్న. మా మావయ్యకి లోకజ్ఞానం ఎక్కువ. "జావా కంటే కష్టమా?" అన్నాడు.

కష్టమే మావయ్యా. జావాలో తప్పు ఏ లైనులో ఉందో కంప్యూటరే చెబుతుంది. చెల్లోలో పక్క ఫ్లాటు వాళ్లు చెబుతారు.

చెల్లో వయొలిన్ కుటుంబంలోదే. కాకపోతే నాలుగడుగుల మనిషి. కుర్చీ అంచున కూర్చుని, మోకాళ్ల మధ్య నిలబెట్టుకుని, అడుగునున్న ఇనుప ఊచ నేలకి ఆనించి వాయించాలి. వీణకి ఉన్నట్టు మెట్లుండవు. వేలు ఎక్కడ పెట్టాలో చెవే చెప్పాలి. మొదట్లో ఆ వేళ్లకీ పనుండదు. కమానుకి రోజిన్ బంక రాసి, ఉత్త తీగ మీద ఈ చివర నుంచి ఆ చివరకి లాగడమే పాఠం. "బిగించి పట్టుకోకు, వదిలెయ్యకు" అంటారు మాస్టారు. ఎండాకాలం బిరడాలు వదులై శ్రుతి జారిపోతుంది. వానాకాలం అవే ఉబ్బి, తిప్పుదామంటే కదలవు.

సాధన చేసేది సాయంత్రం పూట. అదే దోమల వేళ కూడా. దోమ కడుపులో మలేరియా క్రిమిని రొనాల్డ్ రాస్ 1897 ఆగస్టు 20న కనిపెట్టింది మా బేగంపేటలోనే. ఆయన కోసి చూసినవి పోగా మిగిలిన వాటి సంతానమంతా నా సాధనకి హాజరు. ఎడమ చెయ్యి తీగ మీద, కుడి చెయ్యి కమాను మీద, మోకాళ్లు చెల్లోకి కాపలా. దోమని కొట్టడానికి ఇంకో చెయ్యి ఏదీ?

"స్టేజీ ఎక్కేదెప్పుడు సార్?" అని ఒకసారి అడిగాను. మాస్టారు చెల్లో విద్వాంసుడు పాబ్లో కసాల్స్ కథ చెప్పారు. పదమూడేళ్ల వయసులో, 1890లో, బార్సిలోనాలోని ఒక పాత కొట్లో చెల్లో కోసం బాఖ్ రాసిన సూట్లనే స్వరరచనల ప్రతి ఆయన కంటపడింది. వాటిని నలుగురి ముందు వాయించడానికి పన్నెండేళ్లు సాధన చేశాడట. పన్నెండేళ్లలో అమీర్‌పేటలో ఎన్ని కోర్సులు పుట్టి చచ్చిపోతాయో! ఈ కథ ఇంట్లో చెప్పలేదు.

చెప్పకపోయినా మావయ్య వయొలిన్ విద్వాంసుడు ద్వారం వెంకటస్వామి నాయుడు గారి కథ పట్టుకొచ్చాడు. 1919లో విజయనగరం సంగీత కళాశాలకి ఆయన విద్యార్థిగా చేరదామని వెళితే, అక్కడి ప్రిన్సిపాల్ ఆదిభట్ల నారాయణదాసు గారు ఆయన వాయించింది విని ఏకంగా అధ్యాపకుడిగా వేసుకున్నారని చెబుతారు. "ప్లేస్‌మెంట్ అంటే అదీ! నీకెక్కడ?" అన్నాడు. ముంబైలో 2006లో పెట్టిన సింఫనీ ఆర్కెస్ట్రా ఆఫ్ ఇండియా ఉంది కదా అన్నాను. "ఇంత దేశానికి ఒక్క కంపెనీయా!" అని మా అమ్మ వైపు జాలిగా చూశాడు.

వాయించడం ఒక ఎత్తు, మోయడం ఒక ఎత్తు. పంజాగుట్టలో ఆటో ఆపితే డ్రైవరు పెట్టెని ఎగాదిగా చూసి, "అక్కా, గీ పెట్టెల ఎవరున్నరు?" అన్నాడు. ఎవరూ లేరన్నా నమ్మలేదు, ఇద్దరి కిరాయి తీసుకున్నాడు. లిన్ హారెల్ అనే అమెరికన్ విద్వాంసుడు విమానంలో చెల్లోకి కూడా టికెట్టు కొని, దాని పేరు మీద మైళ్లు పోగేసే ఖాతా తెరిచాడు. 2012లో విమాన సంస్థ ఇద్దరి ఖాతాలూ మూసేసింది. ఆటోలో మైళ్ల ఖాతా లేకపోవడం నా అదృష్టం. 1999లో చెల్లో విద్వాంసుడు యో-యో మా న్యూయార్క్ టాక్సీ డిక్కీలో 1733 నాటి చెల్లోని మరిచిపోయి దిగిపోయాడు. ఆ రోజే దొరికింది కాబట్టి సరిపోయింది, దాని విలువ పాతిక లక్షల డాలర్లు. అందుకే నేను పెట్టెని ఒళ్లోనే పెట్టుకుంటాను. ఆటోలో దానికి దొరికే చోటు నా ఒళ్లే.

చివరికి సంపాదన మొదలైంది. పెళ్లి రిసెప్షన్లో రెండు వయొలిన్లు, ఒక వయోలా, నా చెల్లో. చోటు స్టార్టర్ల కౌంటరు పక్కన. బాఖ్ వాయిస్తుంటే ఒక పెద్దాయన చికెన్ సిక్స్‌టీఫైవ్ ప్లేటుతో వచ్చి, తల పంకిస్తూ ఆఖరిదాకా విన్నారు. నా జన్మ తరించిందనుకున్నాను. "శ్రుతి బాగా కుదిరిందమ్మా, ఇక మొదలుపెట్టండి" అన్నారు.

సినిమా పాట ఎత్తుకున్నాం. జనం ఫోన్లు తీశారు. ఆ వీడియో చూసి మావయ్య, "ఆ పక్కనే బిర్యానీ కూడా ఉన్నట్టుందే, మంచి ప్లేస్‌మెంటే!" అన్నాడు.

కాబట్టి అయ్యలారా, అమ్మలారా! ఈసారి ఏ విందులోనైనా మూలన చెల్లో కనిపిస్తే ఒక్క పాట పూర్తయ్యేదాకా నిలబడండి. ప్లేటు చేతిలో ఉన్నా ఫర్వాలేదు. వాయిస్తున్నామో శ్రుతి చేసుకుంటున్నామో తెలియకపోతే చప్పట్లు కొట్టెయ్యండి. రెండూ కష్టపడి నేర్చుకున్నవే.