మూసీలో వాళ్ల ఇల్లు, చెరువులో మా ఇల్లు

మీ దగ్గర దాచడమెందుకు, ఈ పని మీరూ చేసే ఉంటారు. ఏదో ఒక ఊరు వెళ్లిరావడం, అక్కడి రోడ్లూ పార్కులూ మన ఊళ్లో ఎందుకు లేవని కనిపించిన ప్రతివాళ్ల దగ్గరా వాపోవడం. నాకా జబ్బు అహ్మదాబాద్‌లో అంటుకుంది. ఓ సాయంత్రం సబర్మతి గట్టు మీద నడిచాను. అటూ ఇటూ పదకొండు కిలోమీటర్ల పొడవునా కట్టిన గట్లు, కాలిబాటలు, దీపాలు, నిండుగా నీళ్లు. ఫోన్ నిండా ఫొటోలు తీసుకుని హైదరాబాద్ వచ్చాను. ఇక మూసీ పేరు ఎవరెత్తినా వదిలిపెట్టలేదు. పెళ్లి పందిళ్లలో, బంతి భోజనాల దగ్గర, చివరికి పరామర్శకు వెళ్లినచోట కూడా ఆ ఫొటోలు చూపించి, మన నది ఇలా ఉండాలని ఉపన్యాసం ఇచ్చాను.

ఆ గట్లు కట్టకముందు అక్కడ ఎవరుండేవారని మాత్రం ఎవర్నీ అడగలేదు. పది వేలకు పైగా కుటుంబాలు ఉండేవి. ఇసుకలోనే ప్రతి ఆదివారం గుజరీ బజారు జరిగేది. తమ ఇళ్ల కోసం వాళ్లు 2005లో గుజరాత్ హైకోర్టు మెట్లెక్కారు. ఆ తర్వాతే చాలామందికి మారు ఇళ్లు వచ్చాయి, అవీ చాలావరకు ఊరి అంచుల్లో. ఇవన్నీ నేను తర్వాత చదివి తెలుసుకున్నవి. నా ఫొటోల్లో మనుషుల ఆనవాలు లేదు కాబట్టి, అక్కడ ఎప్పుడూ ఎవరూ లేరనే అనుకున్నాను.

2024 వచ్చింది. మూసీని 55 కిలోమీటర్ల మేర బాగుచేస్తామన్నారు. ముఖ్యమంత్రి నోటే లక్షన్నర కోట్ల మాట వచ్చింది. జూలైలో చెరువుల ఆక్రమణలు తొలగించే హైడ్రా పుట్టింది. ఆగస్టు 24న మాదాపూర్ తమ్మిడికుంట దగ్గర ఎన్ కన్వెన్షన్ హాలు కూలింది. అంత పెద్దవాళ్ల కట్టడమే కూలిందంటే ఇక చెరువులకు మంచిరోజులు వచ్చినట్టేనని టీవీ ముందు కూర్చుని చప్పట్లు కొట్టాను. మనస్ఫూర్తిగానే కొట్టాను. హైదరాబాద్ చెరువుల్ని మింగిన తీరు తెలిసినవాళ్లెవరికైనా ఆ సంతోషం కలుగుతుంది.

చప్పట్ల మోత ఆగకముందే మా అపార్టుమెంటు వాట్సాప్ గ్రూపులో ఎవరో ఓ మ్యాపు పెట్టారు. చెరువు పూర్తిగా నిండితే నీళ్లెంత దూరం వస్తాయో చూపించే ఎఫ్‌టీఎల్ గీత అది. ఆ గీత మా పార్కింగ్‌ను దాటి, లిఫ్టు దగ్గర వంపు తిరిగి, మా బ్లాకును సగానికి కోసేసింది. ప్రతి వానాకాలం మా సెల్లారులో మోకాటి లోతు నీళ్లు నిలిచేవి. మేమేమో డ్రైనేజీ బాగాలేదని ఫిర్యాదుల మీద ఫిర్యాదులు రాసేవాళ్లం. చెరువు తన చోటుకి తను వస్తోందని ఇన్నేళ్లలో మాలో ఒక్కరికీ తట్టలేదు.

ఇక నా భయం చూడాలి. రిజిస్ట్రేషన్ కాగితాలు, బ్యాంకు లోను పత్రాలు, మున్సిపల్ అనుమతి, పిల్లల సర్టిఫికెట్లు అన్నీ ఓ పెట్టెలో సర్ది మంచం కింద పెట్టుకున్నాను. రోడ్డు మీద జేసీబీ చప్పుడైతే బాల్కనీలోకి పరుగెత్తాను. ‘అన్ని అనుమతులూ చూసే కొన్నాం కదా, మా తప్పేముంది’ అని గోడలకు చెప్పుకున్నాను. సెప్టెంబరు మొదట్లో హైడ్రా కమిషనర్ ప్రకటన వచ్చింది: జనం కాపురముంటున్న ఇళ్ల జోలికి రాము అని. ఆ సాయంత్రం మా లిఫ్టులో మిఠాయిలు పంచుకున్నాం. నేను పెట్టె విప్పేసి, కాగితాలు మళ్లీ బీరువాలో పెట్టేసుకున్నాను. భయం కూడా వాటితోపాటే బీరువాలోకి వెళ్లిపోయింది.

ఆ నెలాఖర్లోనే మూసీ ఒడ్డున సర్వే బృందాలు తిరిగి, ఇళ్ల గోడల మీద ఎర్రరంగుతో ఆర్‌బీ-ఎక్స్ అని రాశాయి. మా ఇంట్లో పనిచేసే ఆమె ఇల్లు ఆ ఒడ్డునే. మర్నాడు పొద్దున్నే గిన్నెలు కడగడం ఆపి అడిగింది.

“సార్, మా గోడకు ఎర్రరంగు ఏసిండ్రు. ఇంగ్లీషు అక్షరాలున్నయ్. ఏమన్నట్టు?”

“మీ ఇల్లు ఏటి గర్భంలో ఉందని అర్థం అమ్మా. తీసేస్తారు” అన్నాను.

“ముప్పై ఏండ్ల సంది ఉంటున్నం సార్. కరెంటు మీటరు వాళ్లే ఇచ్చిండ్రు. ఇంటిపన్ను కడుతున్నం.”

నెల కిందట నేను గోడలకు చెప్పుకున్నది సరిగ్గా ఇదే. ఒక్క మాట తేడా లేదు. ఆమె ఇంట్లోనూ కాపురమే ఉంది. అయినా ఆ రెండు ఇళ్ల సంగతీ ఒకటేనని అప్పుడు నాకు స్ఫురించలేదు. పైగా ఉత్సాహం వచ్చింది. డబుల్ బెడ్‌రూం ఇల్లు ఇస్తున్నారు, 560 చదరపు అడుగులు, రెండు గదులు, లోపలే బాత్రూం, లిఫ్టు ఉంటుందని చెప్పాను. క్యాలెండరు కాగితం చింపి వెనకవైపు ప్లాను గీసి, మంచం ఎక్కడ వేసుకోవాలో, బీరువా ఏ మూల పెట్టుకోవాలో కూడా చూపించాను. ముందు ఒప్పుకున్నవాళ్లకే మంచివి దొరుకుతాయి, ఆలస్యం చేయకు అని తొందరపెట్టాను.

ఆమె మూడే మూడు అడిగింది. “అంత దూరంకెళ్లి పనికి ఎట్ల రావాలె సార్? పెద్దోని సంసారం యాడ పెట్టాలె? మా కాడ కిరాయికున్నోళ్ల సంగతేంది?”

బస్సులుంటాయన్నాను. పెద్దవాడి సంగతి తర్వాత చూద్దామన్నాను. అద్దెకున్నవాళ్లు వాళ్ల దారి వాళ్లు చూసుకుంటారన్నాను. ఫారం నేనే నింపాను. చక్కని దస్తూరీతో.

ఇక్కడినుంచి త్వరగా చెప్పేస్తాను, నెమ్మదిగా చెప్పే ధైర్యం లేదు. ఆమెకు అవుటర్ రింగ్ రోడ్డు వైపు ఇల్లు వచ్చింది. పాత ఇంటికి నంబరు ఒకటే అయినా లోపల మూడు పొయ్యిలు వెలిగేవి. నంబరుకో ఇల్లు అన్నారు కాబట్టి ఒక్కటే వచ్చింది. పెద్దకొడుకు భార్యాపిల్లల్ని తీసుకుని అద్దెగది వెతుక్కున్నాడు. కిరాయికున్నవాళ్లకు ఏమీ రాలేదు, ఎటు వెళ్లారో ఆమెకే తెలియదు. కిరాణా కొట్లో ఖాతా పోయింది, చిట్టీల జట్టు విడిపోయింది. చీకటితోనే లేచి బస్సు పట్టుకున్నా, రెండు బస్సులు మారి మా వీధికొచ్చేసరికి ఎనిమిదిన్నర. పిల్లలు బడికి, పెద్దవాళ్లు ఆఫీసుకు వెళ్లే ఇళ్లలో ఎనిమిదిన్నరకు వచ్చే పనిమనిషి ఎందుకు? ఒక ఇంట్లో మాన్పించారు. నెల తిరగకుండా ఇంకో ఇంట్లో మాన్పించారు. మూడో ఇల్లు మాదే. మా ఆవిడ పక్కవీధి మనిషిని మాట్లాడి ఆరింటికల్లా రమ్మంది. ఆమెకు ఆ సంగతి చెప్పే పని నాకు అప్పజెప్పింది, నేను చెప్పాను. సంతకం పెట్టమన్న నోటితోనే, నువ్వు ఆలస్యంగా వస్తున్నావు, ఇక వద్దన్నాను.

ఆమె నన్నొక్క మాట అనలేదు. “దూరమైపోయింది గద సార్” అని లెక్క చూసుకుని వెళ్లిపోయింది.

ఈ దూరం సంగతి నాకు కొత్తది కాదు, అందుకే తలెత్తుకోలేకపోయాను. 1985లో సుప్రీంకోర్టు ఓల్గా టెల్లిస్ కేసులో చెప్పింది ఇదే. బొంబాయి కాలిబాటల మీదివాళ్లు అక్కడెందుకు ఉంటారు? పని దగ్గర కాబట్టి. అక్కడినుంచి తీసేస్తే పనీ పోతుంది. బతుకుతెరువు జీవించే హక్కులో భాగమేనని అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం అంది. అలా అంటూనే, వానాకాలం గడిచాక, అక్టోబరు 31 దాటాక తీసేసుకోవచ్చనీ అంది. ఆ తీర్పు గురించి నేను వ్యాసాలు చదివాను, మిత్రులతో వాదించాను. నా వంటింట్లో నిలబడి ఓ మనిషి అదే సంగతి అడిగితే గుర్తుపట్టలేకపోయాను.

పాపం చేసినవాడు ఊరికే కూర్చోలేడు. 2024 నవంబరు 13న బుల్డోజర్ల మీద సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది. 15 రోజుల ముందు నోటీసు ఇవ్వకుండా ఇల్లు కూల్చకూడదని పత్రికలో చదివిన మరుక్షణం ప్రింటు తీయించి, ఇంకా కదలని ఇళ్లున్న ఆమె పాత బస్తీకి వెళ్లాను. పదిమందిని పోగేశాను. ఇక మీకేం భయం లేదు, అత్యున్నత న్యాయస్థానం మీ పక్షాన ఉందని గొంతెత్తి చెబుతున్నాను. డిగ్రీ చదివే ఓ కుర్రాడు తన ఫోన్‌లో తీర్పు మొత్తం తెరిచి, ఒక పేరా దగ్గర వేలు పెట్టి, మెల్లిగా నా ముందు పట్టాడు. రోడ్లు, కాలిబాటలు, రైలు పట్టాల పక్కన, నదులు, చెరువుల దగ్గరున్న అనధికార కట్టడాలకు ఈ ఆదేశాలు వర్తించవని ఉంది అక్కడ. నదులు, చెరువులు! వాళ్ల ఇళ్లన్నీ నదిలోనే. మా ఇల్లు చెరువులో. నేను చదివింది మొదటి పేజీ శీర్షిక, ఆ కుర్రాడు చదివింది తీర్పు. వాడే నాకు కుర్చీ వేసి మంచినీళ్లు తెప్పించాడు.

ఇలా అన్నానని మూసీ ఒడ్డున అంతా క్షేమంగా ఉందనడం లేదు. 1908 సెప్టెంబరు 28న ఈ నది వేలమందిని తీసుకుపోయింది. ఆ తర్వాతే ఇంజనీరు విశ్వేశ్వరయ్యను పిలిపించారు. 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ వచ్చాయి. జంట జలాశయాలు ఉన్నా 2020 అక్టోబరులో బస్తీలు మునిగాయి. 2025 సెప్టెంబరులో మహాత్మాగాంధీ బస్ స్టేషనులోకే నీళ్లొచ్చాయి. అర్ధరాత్రి పిల్లల్ని భుజానెత్తుకుని పరుగెత్తడం ఎవరికీ ఇష్టముండదు. బస్తీలో నేను మాట్లాడినవాళ్లలో చాలామంది పోమనలేదు. దగ్గర్లో చూపించండి, ముందు చెప్పండి, ఇంట్లో ఎన్ని సంసారాలున్నాయో లెక్కపెట్టండి అన్నారు. ఇది గొంతెమ్మ కోరిక కాదు. సికింద్రాబాద్ ఐడీహెచ్ కాలనీలో శిథిలమైన పాత ఇళ్లు తీసేసి, అదే చోట 396 ఇళ్లు కట్టి, 2015లో అక్కడివాళ్లకే ఇచ్చారు. బడి మారలేదు, కొట్టు మారలేదు, పని మారలేదు. నది గర్భంలోనే కట్టలేరు, నిజమే. కానీ ఒడ్డుకు నడక దూరంలో ప్రభుత్వ స్థలం లేదని నన్ను నమ్మమంటే నమ్మలేను. మూసీ పక్కన మాల్స్‌కీ హోటళ్లకీ చోటు ఊహించగలిగినవాళ్లు, ఆ హోటళ్లలో గిన్నెలు కడగబోయేవాళ్ల ఇళ్లకీ చోటు ఊహించగలరు.

ఆమె ఇప్పుడు కొత్త ఇంటి దగ్గరే ఓ స్కూల్లో ఊడుస్తోంది. జీతం మునుపటిలో సగం. రేషన్ కార్డు మార్పిడి కోసం ఒకసారి ఫోన్ చేస్తే వెళ్లాను. ఇల్లు బాగానే ఉంది, నేను గీసిన చోటే మంచం వేసుకుంది. పెద్దకొడుకు పిల్లలు మాత్రం పండక్కే వస్తారట.

మొన్న మా అసోసియేషన్ మీటింగులో తీర్మానం ఒకటి పెట్టారు. మా ప్రహరీ వెనక నాలా పక్కనున్న గుడిసెలు తీయించాలని, దోమలకీ వరదకీ అవే కారణమని. పాత నేనైతే ముందు చెయ్యెత్తేవాణ్ణి. లేచి ఎఫ్‌టీఎల్ మ్యాపు తీసి చూపించాను. ఆ గుడిసెలు గీతకు అవతల ఉన్నాయి, మన సెల్లారు ఇవతల, చెరువులో ఉంది, వాళ్లను తీసేయమని రాస్తే ముందు మన పేరు రాయాలన్నాను. కాసేపు ఎవరూ మాట్లాడలేదు. తర్వాత అందరూ ఒక్కసారే మాట్లాడారు. ఇంటి ధర పడిపోతుంది, ఆ మ్యాపు బయటికి తీయకండని కార్యదర్శి బతిమాలారు. తీర్మానం వచ్చే మీటింగుకు వాయిదా పడింది. నాలా పక్కవాళ్లను ఇద్దరిని ఆ రోజుకు రమ్మని పిలిచాను. వస్తామన్నారు.