బిహేవియర్ బాబు

జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాల్లో ఏ పెళ్లి దావత్‌కు పోయినా ఇంజనీరింగ్ బాబు, నర్సింగ్ పాప, గ్రూప్-2కు పదేళ్లుగా చదువుతున్న అన్న కనిపిస్తారు. వీళ్ల మధ్య ఈమధ్య ఓ కొత్త శాల్తీ తిరుగుతోంది. బెంగళూరులో 1969లో కాలేజీగా మొదలై 2008లో డీమ్డ్ హోదా పొందిన క్రైస్ట్ లాంటి క్రైస్తవ విశ్వవిద్యాలయాల్లో సైకాలజీ, సోషియాలజీ, ఎకనామిక్స్ మూడూ కలేసి చదువుతూ, సెలవులకు కాజీపేటలో రైలు దిగే బిహేవియర్ బాబు. గుర్తుపట్టడం తేలికే. బంతిలో అందరూ మటన్ బకెట్ వైపు చూస్తుంటే, ఇతను బకెట్ వైపు చూసేవాళ్లను చూస్తుంటాడు. “ఏం చదువుతున్నవ్ బిడ్డా?” “బిహేవియరల్ సైన్స్, పెద్దమ్మా.” “డాక్టర్‌వైతవా?” “కాదు.” “సారువా మరి?” “అదీ కాదు. మనుషులు ఎందుకట్ల చేస్తరో చదువుతం.” “గదానికి బెంగళూరు దాంక ఎందుకు పోతివి, మీ మేనమామ ఇంట్ల నాలుగు రోజులుంటే అయిపోతుండె!” బంతి బంతంతా నవ్వుతుంది. నవ్వదగ్గ సంగతే, అయితే నవ్వే కారణం సరైనది కాదని నా వాదన. చదువు పనికిమాలినదని జనం నవ్వుతారు. చదువుకేం, బాగానే ఉంది. బాబు దాన్ని సగంలో ఆపాడు. ప్రతిదానికీ పేరు పెట్టడం నేర్చాడు, లెక్కపెట్టడం ఇంకా నేర్వలేదు.

అతని సగం చదువు ఇంట్లో అడుగుపెట్టిన గంటలోనే బయటపడుతుంది. వీధిలో ఎవరో పాట బాగా తగ్గించి రెండో నెలలోనే చిట్టి ఎత్తాడని తెలిస్తే, “ప్రెజెంట్ బయాస్” అంటాడు, అంటే రేపటి లాభం కన్నా ఇవాళ్టి సొమ్ముకే మనసు మొగ్గడమని. ఎత్తినాయన బిడ్డకు పదిహేను రోజుల్లో లగ్గం ఉందన్న సంగతి పెద్దమ్మకు తెలుసు, బాబుకు తెలియదు, అడగలేదు కూడా. మహబూబాబాద్ రైతు నిరుడి ధర వస్తే తప్ప మిర్చి అమ్మనని భీష్మించుకుంటే “లాస్ అవర్షన్” అని, అంటే లాభం కన్నా నష్టమే పెద్దగా తోచడమని, 1979లో సైకాలజిస్టులు కానెమన్, ట్వెర్‌స్కీ రాసిన పేపరును కల్లంలోనే విప్పుతాడు. రైతు ఓపికగా విని, “మరి ఇయ్యాల అమ్మాల్నా, ఆగాల్నా బాబూ?” అంటాడు. పేపర్లో ఆ ముక్క లేదు. భూపాలపల్లిలో ఇంకా ఇబ్బంది. సింగరేణి బొగ్గు గనుల్లో తండ్రి మెడికల్ అన్‌ఫిట్ అయితే కొడుక్కి డిపెండెంట్ ఉద్యోగం వచ్చే ఏర్పాటు ఉంది. దాని చుట్టూ ఒక్కో క్వార్టర్‌లో తండ్రీ కొడుకులు, వదినా మరదళ్లు నడిపే మంతనాలు చూస్తే ఇన్సెంటివ్‌ల మీద అక్కడి గృహిణులే బాబుకు క్లాసు చెప్పగలరు.

మూడు సబ్జెక్టులు కలపడం గొప్ప కాదా అంటారేమో. కాకతీయ విశ్వవిద్యాలయం కింది డిగ్రీ కాలేజీల్లో హెచ్ఈపీ, బీజడ్సీ అని మూడేసి సబ్జెక్టులు మనవాళ్లు ఎప్పట్నుంచో చదువుతున్నారు. ఒకే బెంచీ మీద మూడేళ్లు కూర్చుని పలకరించుకోని ముగ్గురు ప్రయాణికుల్లా ఆ సబ్జెక్టులు గడిపేశాయి, అంతే. మూడింటినీ ఒకే ప్రశ్నకు కట్టేసినప్పుడే వాటి కలయికకు అర్థం. హైదరాబాద్ బస్తీల్లో జరిగిన మైక్రోఫైనాన్స్ పరిశోధన చూడండి. ఆర్థికవేత్తలు బెనర్జీ, డఫ్లో బృందం 104 బస్తీలు తీసుకుని, లాటరీ పద్ధతిలో 52 చోట్ల ముందుగా రుణసంస్థ తెరిపించి, మిగతా వాటితో పోల్చింది. చిన్న అప్పు బతుకులు మార్చేస్తుందన్న ప్రచారం అక్కడ నిలబడలేదు. కొందరు వ్యాపారం పెట్టారు, టీ, పొగాకు లాంటి వాటి మీద ఖర్చు తగ్గించుకున్నారు, ఇంటి మొత్తం ఖర్చు మాత్రం పెద్దగా పెరగలేదు. డబ్బు లెక్క, కలిసి అప్పు తీసుకున్న గ్రూపులో పరువు, చేతిలో సొమ్ముంటే ఆగని మనసు, ఈ మూడూ ఒకే ప్రశ్నలో ఉన్నాయి. ఏ ఒక్క సబ్జెక్టు వాడూ దీన్ని ఒంటరిగా తేల్చలేడు.

“ఇదంతా కిరాణా కొట్టాయనకూ తెలుసు” అన్నది పెద్దమ్మ వర్గం వాదన. తెలుసు, కానీ రెండు వైపులా తెలుసు. మన దగ్గర ఆలస్యం అమృతం విషం, నిదానమే ప్రధానం కూడా. పని అయ్యాక ఏది నెగ్గితే దాన్ని బయటకు తీస్తాం, అందుకే మనం ఎన్నడూ ఓడిపోం. రాజస్థాన్‌లోని ఉదయపూర్ పల్లెల్లో పిల్లలకు టీకా వేయించిన ప్రతిసారీ కిలో పప్పు ఇస్తే ఏమవుతుందని ముందే అడిగితే సగం మంది ఎగబడతారనీ, మిగతా సగం కిలో పప్పుకు ఎవడొస్తాడనీ అనేవాళ్లు. నిజంగానే ఇచ్చి చూసిన ప్రయోగం ఫలితం 2010లో వచ్చింది. ఏమీ చేయని ఊళ్లలో పూర్తి టీకాలు పడ్డ పిల్లలు 6 శాతం, క్రమం తప్పకుండా శిబిరం పెట్టినచోట 18, శిబిరంతో పాటు పప్పు ఇచ్చినచోట 39. కొట్టాయనకు దారి తెలుసేమో గానీ ఈ దూరాలు తెలియవు.

క్రైస్తవ విశ్వవిద్యాలయంలో మనిషి నడతను శాస్త్రంగా చదవడమేంటి, పొద్దున క్లాసులో పరిసరాల ప్రభావమనీ సాయంత్రం చాపెల్‌లో పాపమనీ చెబితే పిల్లగాడు ఏమైపోవాలి అన్నది రెండో ఆక్షేపణ. దీనికి జవాబు మహబూబాబాద్ జిల్లాలోనే ఉంది. డోర్నకల్ బిషప్‌గా 1912లో అభిషేకం పొందిన అజరయ్య, ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్. ఆయన కాలంలో మాల, మాదిగ పల్లెలు గుంపులు గుంపులుగా క్రైస్తవంలోకి వచ్చాయి. తిండికోసం వచ్చారని బయటివాళ్లు, ఆత్మకోసం వచ్చారని లోపలివాళ్లు గట్టిగా చెప్పారు. పికెట్ అనే మిషనరీ వాదించడం మానేసి, తెలుగు ప్రాంతాలతో సహా దేశంలో పలుచోట్ల వేలమందిని ఎందుకు వచ్చారని అడిగించి, 1933లో పుస్తకం వేశాడు. కారణాలను ఆత్మసంబంధం, లౌకికం, సాంఘికం, పుట్టుకతో వచ్చినవి అని నాలుగు కుప్పలు పోశాడు. ఎందుకు వచ్చారన్న దానికన్నా వచ్చాక అందిన బోధన, బాగోగులే తర్వాతి జీవితంలో ఎక్కువ తేడా తెచ్చాయని తేల్చాడు. పికెట్ తటస్థుడేమీ కాదు, కానీ సొంత మందిరానికి ఇబ్బంది కలిగించగల ప్రశ్న అడిగాడు. బాబు ఇంకా ఆ పని చేయలేదు. హాజరు తగ్గితే పరీక్షకు కూర్చోనివ్వని చోట చదువుతూ గింజ ఆశ చూపి నడత మార్చిన స్కిన్నర్ పావురాల మీద వ్యాసం రాస్తాడు గానీ, పక్క బెంచీ వైపు తలతిప్పడు.

ఇంతకీ ఆ శాస్త్రమే నిలకడలేనిది కదా అనేవాళ్లూ ఉన్నారు. నిజమే. 2015లో పరిశోధకులు సైకాలజీలోని వంద అధ్యయనాలను మళ్లీ చేసి చూస్తే, నలభై శాతం కూడా తిరిగి నిలబడలేదు. అయితే ఆ తప్పును పట్టుకున్నదీ ఆ శాస్త్రం వాళ్లే. జాతకాలు చెప్పేవాళ్లు తమవి వంద తీసుకుని మళ్లీ చూసినట్టు దాఖలా లేదు. ఈ పాఠం చెప్పిన వారం బాబు క్లాసుకు పోయాడో లేదో గానీ, దావత్‌లో మాత్రం నిలబడిన ఫలితాలూ కూలినవీ ఒకే ధీమాతో వడ్డిస్తాడు. ఉద్యోగం సంగతంటారా, బ్యాంకులూ కంపెనీలూ మన చేత ఇంకో బటన్ నొక్కించడానికి ఇతనికి జీతమిస్తాయి, దిగులొద్దు.

కానీ సెలవుల్లో ఓ నోటుబుక్కు పట్టుకుని చిట్టి పాట దగ్గర కూర్చుని, రెండేళ్లలో తొందరపడి ఎత్తినవాళ్లు ఎంతమంది, దేనికి ఎత్తారు, తర్వాత కిస్తీలు కట్టారా అని రాసుకుంటే, ‘ప్రెజెంట్ బయాస్’ ఎంతో లగ్గాలు ఎన్నో తేలుతుంది. దానికి పెద్దమ్మ సాయం చేస్తుంది కూడా, ఒక్క షరతు మీద. “అన్నీ రాసుకో బిడ్డా, మంది పేర్లు మాత్రం రాయకు.” ఇదే మాట చెప్పడానికి విశ్వవిద్యాలయం ఎథిక్స్ కమిటీ ఓ దరఖాస్తు నింపిస్తుంది.